తెలియడం, రావడం, చెప్పగలగడం: ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ డిగ్రీ మూల్యాంకనం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఇంజినీరింగ్ డిగ్రీ కోర్సుల నాణ్యతను నిర్ణయించడానికి మన దేశంలో జాతీయస్థాయి ప్రమాణాలు ఉన్నాయి. అధ్యాపకుల అర్హతలు, ప్రయోగశాలలు, ఉత్తీర్ణత, ఉద్యోగాలు వంటి అంశాలను అవి అంకెల్లో లెక్కిస్తాయి. గ్రామీణ తెలుగు నేపథ్యం నుంచి వచ్చిన విద్యార్థి తాను చదివిన శాస్త్రాన్ని తన భాషలో వివరించగలుగుతున్నాడా అనే ప్రశ్నకు మాత్రం వాటిలో చోటు లేదు. మహబూబాబాద్ జిల్లా పెద్దవంగర వంటి మండల కేంద్రం నుంచి వెళ్ళే విద్యార్థిని దృష్టిలో ఉంచుకొని, ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ డిగ్రీని అంచనా వేయడానికి తెలుగు భాషలోని మూడు క్రియలను (తెలియు, వచ్చు, చెప్పు) కొలమానాలుగా ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ప్రస్తుత నిబంధనలను మార్చకుండానే ఈ మూల్యాంకనం సాధ్యమని నిరూపించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: ఎలక్ట్రానిక్స్, ఇంజినీరింగ్ విద్య, మూల్యాంకనం, పారిభాషిక పదాలు, బోధనామాధ్యమం, తెలుగు, పెద్దవంగర.

1.0 ఉపోద్ఘాతం:

2016 అక్టోబరులో జరిగిన తెలంగాణ జిల్లాల పునర్వ్యవస్థీకరణతో పెద్దవంగర మహబూబాబాద్ జిల్లాలో ఒక మండల కేంద్రమైంది. అంతకు ముందు ఇది వరంగల్ జిల్లాలోని ఒక గ్రామం. వ్యవసాయం ప్రధాన జీవనాధారమైన ఇటువంటి ప్రాంతాల నుంచి ఇంజినీరింగ్ చదువు కోసం విద్యార్థులు వరంగల్‌కో, హైదరాబాద్‌కో వెళతారు. ఇంటర్మీడియట్ తరువాత ప్రవేశపరీక్ష రాసి బి.టెక్. మొదటి సంవత్సరంలో చేరడం ఒక దారి. పదవ తరగతి తరువాత పాలిసెట్ ద్వారా మూడేళ్ళ డిప్లొమాలో చేరి, అటుపై ఈసెట్ రాసి బి.టెక్. రెండో సంవత్సరంలో ప్రవేశించడం మరొక దారి.

కళాశాలను ఎంచుకొనేటప్పుడు తల్లిదండ్రులు సాధారణంగా అడిగే ప్రశ్నలు నాలుగే: ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా, హాస్టల్ ఉందా, బస్సు వస్తుందా, ఉద్యోగం వస్తుందా. ఈ ప్రశ్నలు న్యాయమైనవే. కాని ఒక చదువు మంచిదా కాదా అని తేల్చడానికి ఇవి చాలవు. మూల్యాంకనం చేసే సంస్థల ప్రశ్నలు ఇంతకంటే విస్తృతమైనవి. అయినా అవి కూడా ఒక ముఖ్యమైన విషయాన్ని వదిలివేస్తున్నాయి. ఆ లోపం భాషకు సంబంధించినది కనుక దానిని పరిశీలించవలసిన బాధ్యత భాషాసాహిత్య శాఖలపై కూడా ఉంది. ఏ ఒక్క కళాశాలకో మార్కులు వేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. మార్కులు వేసే పద్ధతిని విమర్శనాత్మకంగా చదవడమే ఇక్కడి ప్రయత్నం.

2.0 ఇంజినీరింగ్, టెక్నాలజీ – పేర్లలోని భేదం:

ఒక కోర్సును అంచనా వేయాలంటే ముందుగా అది ఏం చేస్తానని వాగ్దానం చేస్తున్నదో తెలియాలి. అమెరికాలో ‘ఇంజినీరింగ్’, ‘ఇంజినీరింగ్ టెక్నాలజీ’ అని రెండు రకాల డిగ్రీలు వేరువేరుగా ఉన్నాయి. మొదటిదానిలో గణితం, సిద్ధాంతం, నమూనా రచనలకు ప్రాధాన్యం ఎక్కువ. రెండవదానిలో ప్రయోగశాల, అమలు, నిర్వహణలకు ప్రాధాన్యం ఎక్కువ. అక్కడి గుర్తింపు సంస్థ ఎ.బి.ఇ.టి. ఈ రెండింటికీ వేర్వేరు సంఘాలను నియమించి వేర్వేరు ప్రమాణాలతో పరిశీలిస్తుంది. అంతర్జాతీయ ఒప్పందాలలోనూ ఈ భేదం కనిపిస్తుంది. ఇంజినీర్లకు 1989 నాటి వాషింగ్టన్ ఒప్పందం, టెక్నాలజిస్టులకు 2001 నాటి సిడ్నీ ఒప్పందం, టెక్నీషియన్లకు 2002 నాటి డబ్లిన్ ఒప్పందం వర్తిస్తాయి. భారతదేశం 2014 జూన్‌లో వాషింగ్టన్ ఒప్పందంలో శాశ్వత సభ్యత్వం పొందింది.

మన బి.టెక్. పేరులో ‘టెక్నాలజీ’ ఉంది. మనం కుదుర్చుకున్న ఒప్పందం మాత్రం ‘ఇంజినీరింగ్’కు చెందినది. చేతిపనికి దగ్గరగా ఉండే చదువు పాలిటెక్నిక్ డిప్లొమాలో కనిపిస్తుంది. డిప్లొమా నుంచి ఈసెట్ ద్వారా వచ్చిన విద్యార్థి, ఇంటర్మీడియట్ నుంచి వచ్చిన విద్యార్థి బి.టెక్. రెండో సంవత్సరంలో ఒకే బల్లపై కూర్చుంటారు. ఒకరికి సోల్డరింగ్ ఇనుము పట్టడం అలవాటు, మరొకరికి సమాకలనం చేయడం అలవాటు. ఒకరి బలం మరొకరికి అందేలా కోర్సు నడుస్తున్నదా అని అడగడం మూల్యాంకనంలో భాగం కావాలి. ఇద్దరికీ ఒకే ప్రశ్నపత్రం ఇచ్చి వచ్చిన సగటును చూస్తే ఈ విషయం బయటపడదు.

3.0 ప్రస్తుత కొలమానాలు – వాటి పరిమితులు:

సంస్థను మొత్తంగా పరిశీలించే పని నాక్‌ది. ఒక్కొక్క కోర్సును విడిగా పరిశీలించే పని జాతీయ గుర్తింపు మండలి, అంటే ఎన్.బి.ఎ.ది. ఈ రెండూ 1994లో ఏర్పడినవే. కళాశాలకు నాక్ గ్రేడు ఉన్నంత మాత్రాన అందులోని ఎలక్ట్రానిక్స్ కోర్సుకు ఎన్.బి.ఎ. గుర్తింపు ఉన్నట్లు కాదు. ఈ తేడా తెలియక కరపత్రంలోని ముద్రలను చూసి నిర్ణయం తీసుకొనే కుటుంబాలకు నష్టం జరిగే అవకాశం ఉంది.

అనుబంధ కళాశాలల కోసం ఎన్.బి.ఎ. 2015లో రూపొందించిన స్వయంమూల్యాంకన నివేదిక నమూనాలో 10 ప్రమాణాలు, మొత్తం 1000 మార్కులు ఉన్నాయి. అధ్యాపకుల వివరాలకు 200, విద్యార్థుల ఫలితాలకు 150, పాఠ్యప్రణాళిక, బోధనలకు 120, ప్రయోగశాలలు మొదలైన వసతులకు 80 మార్కులు కేటాయించారు. మొదటి సంవత్సరపు చదువుకు కేటాయించినవి 50.

ఈ పంపకాన్ని ఒక పాఠంగా చదివితే దాని విలువల క్రమం అర్థమవుతుంది. గ్రామీణ విద్యార్థి భవిష్యత్తు చాలావరకు తేలిపోయేది మొదటి సంవత్సరంలోనే. పదవ తరగతి వరకు తెలుగులో విన్న భౌతికశాస్త్రం అక్కడ ఆంగ్లంలో, అదీ రెట్టింపు వేగంతో ఎదురవుతుంది. అర్థం కానిదాన్ని కంఠస్థం చేసే అలవాటు మొదలయ్యేది అక్కడే. అంతటి కీలకమైన ఘట్టానికి మొత్తంలో ఇరవయ్యో వంతు మాత్రమే దక్కింది. ఆ యాభై మార్కులలో కూడా అధ్యాపకుల నిష్పత్తి, అర్హతలు, పరీక్షాఫలితాలు లెక్కకు వస్తాయే గాని, విద్యార్థి ఏ భాష నుంచి ఏ భాషలోకి అడుగుపెట్టాడో లెక్కకు రాదు.

ఇవి పనికిరాని కొలతలని కాదు. ప్రయోగశాలలో ఆసిలోస్కోపు లేని కళాశాలను, అధ్యాపకులు లేని శాఖను ఇవి పట్టుకోగలవు. అయితే ఆసిలోస్కోపు ఉందా అన్నది వేరు, దాని తెరపై కనిపిస్తున్న తరంగం ఏమి చెబుతున్నదో విద్యార్థికి తెలుసా అన్నది వేరు.

4.0 మూడు క్రియలు – ఒక ప్రతిపాదన:

ఫలితాధారిత విద్యలో ప్రతి పాఠ్యాంశానికీ ‘కోర్సు ఫలితాలు’ రాస్తారు. బెంజమిన్ బ్లూమ్ బృందం 1956లో ప్రకటించిన, 2001లో సవరణ పొందిన వర్గీకరణ వీటికి ఆధారం. గుర్తుంచుకొనడం నుంచి సృజించడం వరకు ఆరు మెట్లు అందులో ఉన్నాయి. ఈ వాక్యాలు మన కళాశాలల్లో ఆంగ్లంలో రాయబడి, గోడలపై వేలాడుతుంటాయి. వాటిని తెలుగులో ఆలోచిస్తే మనకు సహజమైన వేరొక విభజన దొరుకుతుంది.

4.1 తెలియడం: ‘అతనికి ఓమ్ నియమం తెలుసు’ అంటాం. ఇది సిద్ధాంతజ్ఞానం. రాతపరీక్ష ప్రధానంగా దీనినే కొలుస్తుంది.

4.2 రావడం: ‘అతనికి మోటరు పని వచ్చు’ అంటాం. ఇక్కడ ‘తెలుసు’ అంటే అర్థం మారిపోతుంది. పని గురించి తెలిసినవాడికి పని వచ్చి ఉండనక్కరలేదు. జ్ఞానాన్ని, నైపుణ్యాన్ని వేరుచేయడానికి తెలుగువాడికి ప్రత్యేక సిద్ధాంతం అవసరం లేదు. ఈ రెండు క్రియలు ఆ పని ఎప్పటినుంచో చేస్తున్నాయి. ప్రయోగశాల పరీక్ష కొలవవలసింది ఈ ‘రావడా’న్ని. ముందే తెలిసిన ప్రయోగాన్ని ముందే తెలిసిన విలువలతో రికార్డు పుస్తకంలో నింపితే అది రాతపరీక్షకు మరో రూపమే అవుతుంది.

4.3 చెప్పగలగడం: తెలిసినదాన్ని, వచ్చినదాన్ని ఎదుటివాడికి వివరించగలగడం మూడోది. చెప్పబోతే తడబడిన చోట మన అవగాహనలోని ఖాళీ బయటపడుతుంది. ఎన్.బి.ఎ. చాలాకాలం అనుసరించిన 12 కార్యక్రమ ఫలితాలలో పదవది భావప్రసారానికి సంబంధించినది. ఇంజినీర్ల సమాజంతోను, విశాల సమాజంతోను సంక్లిష్ట విషయాలను సమర్థంగా పంచుకోగలగాలని అది కోరుతుంది. ఆ ఫలితంలో ఏ భాష అనే నిర్దేశం లేదు. పెద్దవంగర విద్యార్థికి విశాల సమాజం అంటే ముందుగా తెలుగు మాట్లాడే సమాజం. అయినా ఈ ఫలితాన్ని కళాశాలలు సాధారణంగా ఆంగ్ల సెమినారులతో, ఆంగ్ల నివేదికలతో మాత్రమే కొలుస్తున్నాయి. నిబంధనలో లేని పరిమితిని ఆచరణ తెచ్చిపెట్టింది.

5.0 అన్వయం – బోరు మోటరు:

ఈ మూడు క్రియలు ఎలా పనిచేస్తాయో పల్లెకు సుపరిచితమైన ఒక సమస్యతో చూడవచ్చు. మూడు ఫేజుల మీద నడిచే బోరు మోటరుకు ఒక ఫేజు పోతే ఏమవుతుంది? నడుస్తున్న మోటరు వెంటనే ఆగిపోదు. మిగిలిన రెండు తీగలలో ప్రవాహం పెరిగి, చుట్టలు వేడెక్కి, కాపాడే పరికరం లేకపోతే కాలిపోతుంది. ఆగి ఉన్న మోటరైతే తిరగకుండా గుయ్యిమని శబ్దం చేస్తుంది. వైండింగ్ ఖర్చు, పైరు ఎండిపోయే ప్రమాదం రైతు నెత్తిన పడతాయి.

దీనిని నివారించే పరికరం ఒక చిన్న ఎలక్ట్రానిక్ వలయం. మూడు ఫేజుల వోల్టేజీలను గ్రహించి, ఏకముఖంగా మార్చి, పోల్చి, తేడా హద్దు దాటితే రిలే ద్వారా మోటరును ఆపివేస్తుంది. డయోడు, పోలిక చేసే ఆపరేషనల్ ఆంప్లిఫయరు, ట్రాన్సిస్టరు, రిలే – ఇవన్నీ బి.టెక్. మొదటి రెండు మూడేళ్ళ పాఠాలలోనివే. ఈ వలయం సూత్రం విద్యార్థికి తెలుసా? దీనిని బోర్డుపై అమర్చి, తప్పు వెతికి, పనిచేయించడం వచ్చా? ఎందుకు అవసరమో, ఎక్కడ విఫలమవుతుందో రైతుకు చెప్పగలడా? ఒకే అంశంపై వేసిన ఈ మూడు ప్రశ్నలకు మూడు వేరువేరు సమాధానాలు రావచ్చు. ఆ తేడాయే కోర్సు బలహీనత ఎక్కడుందో చూపిస్తుంది.

ఇక్కడే మరో సంగతి ఉంది. కరెంటు వచ్చీపోయే రోజుల్లో రైతులు ఆటోమేటిక్ స్టార్టర్లు బిగించుకొన్నారు. కరెంటు రాగానే మోటరు తనంతట తానే నడవడం వారికి అర్ధరాత్రి పొలానికి పోయే ప్రమాదాన్ని తప్పించింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల విద్యుత్తు ఇవ్వడం మొదలయ్యాక, అవే స్టార్టర్లు అవసరం లేనప్పుడు కూడా నీటిని తోడి భూగర్భజలాన్ని తగ్గిస్తాయనే ఆందోళనతో వాటిని తొలగించాలని ప్రభుత్వం రైతులను కోరింది. వలయం మారలేదు, దాని చుట్టూ ఉన్న పరిస్థితి మారింది. ఇంజినీరుకు సమాజం, పర్యావరణం పట్ల బాధ్యత ఉండాలని చెప్పే కార్యక్రమ ఫలితాలను బోధించడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అరుదు. దీనిని చర్చించడానికి రైతులతో తెలుగులో మాట్లాడక తప్పదు.

6.0 బోధనామాధ్యమం – చరిత్ర నేర్పే పాఠం:

సాంకేతిక విద్య ఆంగ్లంలోనే సాధ్యమనే అభిప్రాయం బలంగా ఉంది. ఈ ప్రాంత చరిత్ర దానిని సమర్థించదు. పెద్దవంగర ఒకనాడు నిజాం రాజ్యంలో భాగం. ఆ రాజ్యంలో 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనామాధ్యమంగా స్వీకరించింది. అందుకు ముందే 1917లో అనువాద సంస్థను (దారుల్ తర్జుమా) ఏర్పాటు చేసి, పాఠ్యగ్రంథాలను, పారిభాషిక పదాలను సిద్ధం చేయించింది. 1929లో ప్రారంభమైన ఇంజినీరింగ్ కళాశాల కూడా ఈ విధానంలో భాగమే.

ఈ ఉదాహరణ రెండు వైపులా పదునున్నది. భారతీయ భాషలో ఇంజినీరింగ్ బోధన సాధ్యమని, అయితే పుస్తకం, పదజాలం ముందు, తరగతి తరువాత అని ఇది నిరూపించింది. అదే సమయంలో తెలుగు ఇంట్లో పుట్టిన బిడ్డకు ఉర్దూ కూడా పరాయి భాషే. భారతీయ భాష అయినంత మాత్రాన అది విద్యార్థి భాష అయిపోదు.

తెలుగులో శాస్త్రగ్రంథాల కోసం జరిగిన కృషి తక్కువేమీ కాదు. 1906లో హైదరాబాదులో మొదలైన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి, 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి, అమెరికాలో ఆచార్యుడిగా పనిచేసిన వేమూరి వేంకటేశ్వరరావు సంకలించిన నిఘంటువు ఈ కృషిలో మైలురాళ్ళు. ఈ కృషి ఎక్కువగా ఇంటర్మీడియట్, సాధారణ డిగ్రీల దగ్గర ఆగింది. 2020 జాతీయ విద్యావిధానం తరువాత, 2021లో తెలుగుతో సహా అయిదు భారతీయ భాషల్లో ఇంజినీరింగ్ బోధనకు 14 కళాశాలలకు ఎ.ఐ.సి.టి.ఇ. అనుమతించింది. మొదటి సంవత్సరపు పుస్తకాలను భారతీయ భాషల్లోకి అనువదింపజేసింది.

మరోవైపు 2022–23 నుంచి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్లమాధ్యమం మొదలైంది. అందువల్ల రానున్న ఏళ్ళలో ‘తెలుగు మాధ్యమ విద్యార్థి’ అనే వర్గం కాగితాలపై కనుమరుగవుతుంది. పాఠం ఆంగ్లంలో విని, ఇంట్లో తెలుగు మాట్లాడి, సందేహాన్ని తెలుగులోనే ఆలోచించే విద్యార్థి మాత్రం ఉంటాడు. మాధ్యమం గడిలో ‘ఆంగ్లం’ అని నింపినందున అతని ఇబ్బంది గణాంకాలకు మరింత అందకుండా పోతుంది. అందువల్ల మూల్యాంకనంలో భాషాప్రశ్న ఇప్పుడు మరింత అవసరం.

7.0 పదజాలం – మూడు పొరలు:

చెప్పగలగడానికి పదాలు కావాలి. ఎలక్ట్రానిక్స్ విషయంలో తెలుగు విద్యార్థి మూడు పొరల పదజాలంతో సతమతమవుతాడు. పాఠ్యపుస్తకపు తెలుగు, కళాశాల ఆంగ్లం, దుకాణం లేదా పొలం దగ్గరి వాడుక అనేవి ఆ పొరలు. ‘కెపాసిటర్’ను పల్లె మెకానిక్ ‘కండెన్సర్’ అంటాడు. విద్యార్థి దానిని తప్పుమాటగా భావిస్తాడు. నిజానికి అది ఆంగ్లంలో ఆ పరికరానికి ఉన్న పాత పేరే. మెకానిక్ మాట వెనుక సాంకేతిక చరిత్ర ఉందని తెలిసినప్పుడు అతని పట్ల గౌరవం కలుగుతుంది.

పుస్తకపు పదాలన్నీ ఒకే విలువ గలవి కావు. ‘పౌనఃపున్యం’ పలకడానికి కష్టమైనా, మళ్ళీమళ్ళీ జరగడం అనే భావాన్ని తనలోనే చెబుతుంది. ‘అర్ధవాహకం’ తేలికైన మాటే గాని, సగం ప్రవహింపజేసేది అనే అపోహకు తావిస్తుంది. ఆ పదార్థం గొప్పతనం దాని వాహకతను మాలిన్యాలు చేర్చడం ద్వారా మనకు కావలసినట్లు మార్చుకోగలగడంలో ఉంది. ‘ట్రాన్సిస్టరు’ను అనువదించవలసిన పనే లేదు. కాబట్టి అనువాద గ్రంథాలను పరిశీలించేటప్పుడు ఎన్ని పదాలు తెలుగు చేశారని కాక, ఏ పదం భావాన్ని వెలిగించింది, ఏది మరుగుపరిచింది అని చూడాలి. పెద్దవంగరకు సమీపంలోని పాలకుర్తితో ముడిపడిన పాల్కురికి సోమనాథుడు అందరికీ అర్థమయ్యే జాను తెనుగును ఎంచుకొన్న కవి. ఆ ఎంపిక వెనుక ఉన్న దృష్టి సాంకేతిక రచనకు కూడా అవసరమే.

8.0 అభ్యంతరాలు – సమాధానాలు:

ఉద్యోగ విపణి ఆంగ్లాన్ని కోరుతుంది కదా అన్నది మొదటి అభ్యంతరం. ఇది వాస్తవం. పరికరాల వివరపత్రాలు, పరిశోధనా పత్రాలు, కంపెనీల ఇంటర్వ్యూలు ఆంగ్లంలోనే ఉంటాయి. ఈ వ్యాసం ఆంగ్లాన్ని తొలగించమని కోరడం లేదు. విషయం అర్థంకాకుండా ఆంగ్లవాక్యాన్ని ఒప్పజెప్పేవాడు ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోతాడు. తెలుగులో వివరించగలిగినవాడికి ఆంగ్లంలో చెప్పడానికి కావలసింది భాషాభ్యాసం మాత్రమే.

తెలుగులో చెప్పగలగడాన్ని అంకెల్లో ఎలా కొలుస్తారన్నది రెండో అభ్యంతరం. ఆంగ్ల సెమినారును కొలిచినట్లే కొలవవచ్చు. భావం సరిగా ఉందా, కారణకార్య సంబంధం చెప్పాడా, సరైన ఉదాహరణ ఇచ్చాడా, ప్రశ్నకు నిలబడ్డాడా అనే అంశాలు భాషను బట్టి మారవు.

ఇతర భాషల విద్యార్థులకు అన్యాయం జరగదా అన్నది మూడోది. తెలుగు అన్న చోట ‘విద్యార్థి ఎంచుకొన్న భాష’ అని ఉంచితే ఉర్దూ, లంబాడీ మాట్లాడే విద్యార్థులకు కూడా ఇదే అవకాశం కలుగుతుంది. మహబూబాబాద్ వంటి జిల్లాలో ఇది చిన్న విషయం కాదు.

9.0 సూచనలు:

1. భావప్రసార ఫలితాన్ని కొలిచే సెమినారులలో కనీసం ఒకటి విద్యార్థి ఎంచుకొన్న భాషలో, సాంకేతికేతర శ్రోతల ముందు జరగాలి.

2. ప్రయోగశాల పరీక్షలో ఉద్దేశపూర్వకంగా తప్పు ఉంచిన వలయాన్ని ఇచ్చి, దానిని వెతికి సరిచేయమనాలి. మౌఖిక పరీక్షలో భాషను విద్యార్థికి వదిలివేయాలి.

3. మొదటి సంవత్సరం ఆరంభంలో జరిగే పరిచయ కార్యక్రమంలో ప్రాథమిక పదజాలాన్ని మూడు పొరలలోనూ పరిచయం చేయాలి.

4. చివరి సంవత్సరపు ప్రాజెక్టులలో కొన్నింటినైనా విద్యార్థుల సొంత మండలాల సమస్యల నుంచి ఎంపిక చేయాలి.

5. ఎలక్ట్రానిక్స్ ఒక పాఠ్యాంశంగా ఉన్న బి.ఎస్సీ. విద్యార్థులు ద్వితీయభాషగా తెలుగు చదువుతారు. ఆ తరగతిలో సాహిత్యంతో పాటు శాస్త్రరచనను కూడా అభ్యాసంగా చేర్చే బాధ్యతను తెలుగు శాఖలు తీసుకోవాలి. బి.టెక్.లో అటువంటి తరగతి సాధారణంగా కనిపించదు. అక్కడ భాషాశాఖలు, ఇంజినీరింగ్ శాఖలు కలిసి పనిచేయాలి.

10.0 ముగింపు:

తెలుగువారికి ఎలక్ట్రానిక్స్ కొత్త కాదు. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు నేతృత్వంలో 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. ఏర్పడింది. 1959లో శంకుస్థాపన జరిగిన వరంగల్ ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల నేడు ఎన్.ఐ.టి.గా కొనసాగుతున్నది. సంస్థలు, పరిశ్రమలు, విద్యార్థులు ఉన్న చోట కొరవడింది వీటిని కలిపే భాష.

ఎలక్ట్రానిక్స్ డిగ్రీ నాణ్యతను వసతులతో, ఉద్యోగాలతో మాత్రమే కొలిస్తే కోర్సు ఏమి సమకూర్చిందో తెలుస్తుంది గాని విద్యార్థికి ఏమి అందిందో తెలియదు. తెలియడం, రావడం, చెప్పగలగడం అనే మూడు కొలతలను కలిపి చూసినప్పుడే అది వెల్లడవుతుంది. ఇందుకు కొత్త చట్టం గాని, అదనపు నిధులు గాని అవసరం లేదు. ఇప్పటికే ఉన్న భావప్రసార ఫలితాన్ని దాని పూర్తి అర్థంలో అమలు చేస్తే చాలు. పెద్దవంగర నుంచి కళాశాలకు వెళ్ళే విద్యార్థి నాలుగేళ్ళ తరువాత తన ఇంటివారికి తాను చదివినదేమిటో వివరించగలిగితే, ఆ కోర్సుకు అదొక బలమైన ధ్రువపత్రం. కళాశాలలను ఎంచుకొనే తల్లిదండ్రులు తమ నాలుగు ప్రశ్నలకు ఈ ఐదో ప్రశ్నను చేర్చుకోవాలి: అక్కడ చదువుతున్న పిల్లలు తాము చదివేదాన్ని మనకు అర్థమయ్యేట్లు చెప్పగలుగుతున్నారా?